పాకం కుదిరింది

మా అమ్మ ఏరిన చేపముక్కలో ముల్లు దొరికిందని ఎవరూ అనగా నేను వినలేదు. చిన్నతనంలో మేం నలుగురు పిల్లలం చుట్టూ కూచుంటే, దీపం లేని చీకట్లో కూడా, వేళ్ళ కొసలతోనే పులసలోని సన్నముళ్ళు తీసేసి మా నోట్లో ముద్దలు పెట్టేది. పులస తిన్నవారికి అదెంత విద్యో వేరే చెప్పక్కర్లేదు.

అలాంటి మనిషి, కిందటేడు మా ఇంటికి వచ్చింది మొదలు, చేపలు వండిన రోజున "ఆకలి లేదురా" అనడం మొదలుపెట్టింది. తన వంట నచ్చలేదు కాబోలని మా ఆవిడ లోలోపల నొచ్చుకుంది. నేను, మగవాణ్ణి కనక, ఏమీ గమనించలేదు. ఒక రాత్రి కంచాలు తీస్తూంటే, అమ్మ కంచంలో అన్నం కింద దాచిన శీలావతి ముక్క బయటపడింది. ముల్లు తీయబోయి సగంలో వదిలేసిన ముక్క!

డెబ్భై ఎనిమిదేళ్ళు. చూపు మందగించింది, వేళ్ళకు స్పర్శ తగ్గింది. ఆ మాట నోటితో చెప్పడం ఆవిడ వల్ల కాలేదు. పోనీ, ఏడో తరగతి చదివే మనవరాలి ఎదుట నేను ముళ్ళు తీసి పెడతానంటే ఒప్పుకుంటుందా? చచ్చినా ఒప్పుకోదు.

శీలావతికీ బొచ్చెకూ నడిముల్లే కాక కండలో కూడా చీలిన సన్నముళ్ళుంటాయి. పండుగప్పకు ఆ బెడద లేదు. బజారులో చేపలమ్మే ఆమె నడిముల్లు తీసి, అంగుళం మందాన ముక్కలు కోసి ఇచ్చింది. ఇంటికొచ్చి ప్రతి ముక్క మీదా వేలు రాసి చూసి, మిగిలిన ఒకటీ అరా నేనే లాగేశాను.

పులుసు పెట్టడం నాకు రాదు. కాలేజీలో సంధులూ సమాసాలూ చెప్పి వచ్చాక పొయ్యి దగ్గర నిలబడే ఓపికా లేదు. కేకుల కోసమని కొని, మూడేళ్ళుగా పాత పేపర్లు దాచుకుంటున్న ఓవెన్ మాత్రం ఉంది. చిక్కటి చింతపండు గుజ్జులో రెండు చెంచాల బెల్లం, చెంచాడు కారం, కాస్త అల్లం వెల్లుల్లి ముద్ద వేసి, గరిటెకు అంటుకునేదాకా మరిగించాను. మొదటిసారి ఆ పాకం ముందే పూసి లోపల పెట్టాను. బెల్లం మాడి ఇల్లంతా పొగ. చేప చూస్తే పచ్చి! ఆ పూట అందరికీ పెరుగన్నమే.

రెండోసారి తెలివొచ్చింది. ఉప్పూ పసుపూ నూనే పట్టించిన ముక్కల్ని 200 డిగ్రీల వేడిలో ఎనిమిది నిమిషాలు ఉత్తినే మగ్గనిచ్చి, అప్పుడు పాకం పూసి మరో నాలుగు నిమిషాలు ఉంచాను. పైన అద్దంలా మెరిసింది. లోపల పొరలు పొరలుగా విడిపోయింది. ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అని ఏటేటా క్లాసులో కవిత్వానికి చెబుతూంటాను. ఆ లెక్కన పులస నిస్సందేహంగా నారికేళపాకం. నేను వండింది ద్రాక్షాపాకం.

అమ్మ అలవాటుకొద్దీ ముక్కను వేళ్ళతో నొక్కింది. ఇటు తిప్పింది, అటు తిప్పింది. నా వంక ఒక్కసారి చూసింది. ఏమీ అనలేదు, తినడం మొదలుపెట్టింది. మా ఆవిడ గుమ్మంలోనే నిలబడిపోయింది. రెండో ముక్క సగం తుంచి, అన్నంలో కలిపి, అమ్మ మనవరాలి నోట్లో పెట్టింది.

"పులుసు లేని చేప కూడా ఒక చేపేనట్రా?" అంది చివరికి. "బెల్లం ఎక్కువైంది. ఈసారి కాస్త తగ్గించు."