మూల నుంచి మూలకు ఒకట్లు

కాగితం మీద నాలుగు అడ్డు వరుసలు, నాలుగు నిలువు వరుసలు గీసుకోండి. పై ఎడమ మూల నుంచి కింది కుడి మూలదాకా ఏటవాలుగా ఒకట్లు వేసి, మిగతా గడులన్నిటిలో సున్నాలు పెట్టండి. ఇంటర్ మొదటి ఏడాది మాత్రికల పాఠంలో మనం చూసిన యూనిట్ మాత్రిక ఇదే. దీనితో ఏ మాత్రికను గుణించినా ఆ మాత్రికే తిరిగి వస్తుంది.

దీన్ని ప్రోగ్రాముగా రాయమంటే మనలో చాలామంది రెండు లూపులు రాస్తాం. బయటి లూపు అడ్డు వరుసలకు, లోపలిది నిలువు వరుసలకు, మధ్యలో ఒక ఇఫ్. పని జరుగుతుంది, కాదనను. అయితే ఆ ప్రోగ్రాము చదివినవాడికి గడులు ఏ వరుసలో నిండాయో తెలుస్తుంది కానీ, యూనిట్ మాత్రిక అంటే ఏమిటో తెలియదు. నాకు ఆ రెండో సంగతే ముఖ్యం.

కెన్నెత్ ఐవర్సన్‌కూ అదే ముఖ్యం. 1920లో కెనడాలోని అల్బర్టాలో పుట్టారాయన. హార్వర్డ్‌లో పాఠాలు చెబుతున్నప్పుడు, లెక్క జరిగే తీరును బోర్డు మీద రాసి చూపడానికి ఉన్న గుర్తులు చాలక సొంతంగా ఒక లిపి కట్టుకున్నారు. 1962లో దాన్ని పుస్తకంగా వేశారు. ఆ పుస్తకం పేరులోని పొడి అక్షరాలే ఏపీఎల్ భాషకు పేరయ్యాయి. గమనించారా, అది ముందు మనుషులు రాసుకునే లిపి. ఐబీఎం యంత్రాల మీద భాషగా నడిచింది ఆ తర్వాతే. 1979లో ట్యూరింగ్ అవార్డు ఇచ్చినప్పుడు ఆయన ప్రసంగించిన విషయం కూడా యంత్రాలు కాదు, మంచి లిపి ఆలోచనకు ఎలా పనికొస్తుందన్నది.

ఇక మన మాత్రిక దగ్గరికి వద్దాం. ఏపీఎల్‌లో అయోటా అనే గ్రీకు అక్షరం పక్కన 4 కొడితే 1 2 3 4 అనే బారు వస్తుంది. ఆ బారును నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి పేర్చి, ఎదురుపడిన ప్రతి జతనూ ‘మీరిద్దరూ సమానమేనా?’ అని అడగండి. ఒకటికి ఒకటి సమానం, రెండుకు రెండు సమానం, మూడూ నాలుగూ అంతే. మిగతా పన్నెండు జతలూ కావు. ఐవర్సన్ పెట్టిన నియమంలో అవునంటే 1, కాదంటే 0. పదహారు జవాబులూ ఎక్కడివక్కడ నిలబడితే యూనిట్ మాత్రిక తయారైనట్టే! గడులు నింపిన వాళ్లెవరూ లేరు. ప్రశ్న ఒక్కటి, దాని జవాబుల పట్టికే మాత్రిక. గణితంలో క్రోనెకర్ డెల్టా అనే గుర్తు చెప్పేదీ ఇదే: రెండు సూచికలూ ఒకటైతే 1, కాకపోతే 0. అవును, కాదులను ఇలా 1, 0గా తీసుకునే పద్ధతి గణిత రచనల్లో కూడా వ్యాపించాలని కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ నూత్ 1992లో ఒక వ్యాసమే రాశారు.

1990లో ఐవర్సన్, రోజర్ హుయి కలిసి జె అనే కొత్త భాష తెచ్చారు. అందులో గ్రీకు అక్షరాలు లేవు, మామూలు కీబోర్డు చాలు. సమానం గుర్తు, ఐ అక్షరం, చుక్క, 4: నాలుగు కీలు నొక్కితే మాత్రిక తెర మీద ఉంటుంది. కుడి నుంచి చదవండి. నాలుగు అంకెల బారు, ఆ బారులోని ప్రతి విడి అంకెకూ మొత్తం బారుతో పోలిక. అంతకన్నా తీసేయడానికి ఏమీ మిగల్లేదు.

రెండో దారి ఇంకా ముచ్చటైనది. పూలదండ కడుతున్నాం అనుకోండి. ఒక కనకాంబరం, నాలుగు మల్లెలు, మళ్లీ ఒక కనకాంబరం, నాలుగు మల్లెలు. ఇప్పుడు దండను నాలుగేసి పూలకొక ముక్కగా కత్తిరించి, నాలుగు ముక్కలను ఒకదాని కింద ఒకటి పరచండి. మొదటి ముక్కలో కనకాంబరం మొదటి పువ్వు, రెండోదానిలో రెండో పువ్వు, మూడోదానిలో మూడోది. అయిదేసి పూల కట్టును నాలుగేసిగా కోస్తే ప్రతి వరుసలో ఒక్కో అడుగు కుడికి జరుగుతుంది. ఏపీఎల్‌లో రో అనే గుర్తు చేసేది ఈ కోతే: 1 0 0 0 0 అనే అయిదు అంకెలిచ్చి నాలుగు బై నాలుగుగా మలచమంటే, అంకెలు అయిపోయినప్పుడల్లా మళ్లీ మొదటినుంచి తీసుకుని గడులు నింపుతుంది.

ఇది చమత్కారంతో ఆగిపోయే సంగతి కాదు. కంప్యూటర్ మెమరీలో మాత్రిక ఉండేది కూడా ఒకే పొడవాటి వరుసగా. వరుసకు n గడులుంటే, మూల నుంచి మూలకు పోయే వికర్ణం మీది గడులు n+1 దూరంలో సమానంగా ఉంటాయి. పైథాన్ వాళ్లు వాడే నమ్‌పైలో వికర్ణాన్ని నింపే ఫంక్షన్ లోపల చేసేది ఈ n+1 అడుగుల నడకే.

ఒకట్లకు బదులు 3 5 7 వికర్ణం మీద కావాలా? జెలో ఆ బారును మూడు బై మూడు యూనిట్ మాత్రికతో మామూలుగా గుణిస్తే చాలు, ఒక్కో అంకె ఒక్కో అడ్డు వరుసను గుణిస్తుంది. కోత పద్ధతిలో అయితే తొమ్మిది సున్నాల మాత్రికకు ఎడమ పక్కన 3 5 7ను నిలువుగా అతికించి, మొత్తాన్ని మూడు బై మూడుగా మలచాలి. వరుసకు నాలుగు గడులయ్యాయి కదా, కోత మూడుకు పడుతుంది. మిగిలిపోయిన మూడు సున్నాలు వాటంతటవే రాలిపోతాయి. కాగితం మీద చేసి చూడండి, 7 సరిగ్గా ఆఖరి గడిలోనే కూర్చుంటుంది.

ఇంత ఇష్టంగా చెప్పాను కదా, ఒక హెచ్చరిక కూడా వినండి. వికర్ణ మాత్రికను కట్టడం నేర్చుకున్నాక, ఎప్పుడు కట్టకూడదో కూడా నేర్చుకోవాలి. పదివేల బై పదివేల మాత్రిక అంటే 10 కోట్ల గడులు. గడికి 8 బైట్లు వేసుకుంటే 80 కోట్ల బైట్లు. అందులో పనికొచ్చే అంకెలు పదివేలు, అంటే 80 వేల బైట్లు. దానితో అంతే పెద్దదైన మరో మాత్రికను పాఠంలో చెప్పినట్టు గుణిస్తే లక్ష కోట్ల గుణకారాలు. అదే వికర్ణపు బారుతో అడ్డు వరుసలను నేరుగా గుణిస్తే 10 కోట్లతో ముగుస్తుంది. జవాబు ఒకటే. వరుసల కొలత మార్చడానికి వికర్ణ మాత్రిక కట్టడం వృథా అని నా గట్టి అభిప్రాయం. విలోమం కట్టే విధానాన్ని పిల్లలకు చూపాలన్నా, ఐగెన్ విలువల సమీకరణం రాయాలన్నా యూనిట్ మాత్రిక కావాలి, అక్కడ నిశ్చింతగా కట్టండి.

జె ఉచితంగానే దొరుకుతుంది, ఇన్‌స్టాల్ చేసుకోండి. ఈసారి ఎదురు వికర్ణం, అంటే పై కుడి మూల నుంచి కింది ఎడమ మూలకు ఒకట్లు కట్టి చూడండి. 1 0 0 అనే మూడు అంకెలను నాలుగు బై నాలుగుగా మలిస్తే ఎదురు వికర్ణం వస్తుంది కానీ, మిగతా రెండు మూలల్లో కూడా అక్కర్లేని ఒకట్లు వస్తాయి. వాటిని రానివ్వకుండా ఎలా రాయవచ్చో ఆలోచించి నాకు రాయండి.