ఆలూరు రేగడి... కోషియెన్ మట్టి

ఒసాకాకు వచ్చిన కొత్తల్లో "మీదే ఊరు?" అని ఎవరైనా అడిగితే "ఇండియా" అని ఊరుకునేవాణ్ని. ఆలూరు అంటే ఎవరికి తెలుస్తుంది? కర్నూలు జిల్లాలో, ఆదోనికీ బళ్లారికీ దగ్గర్లో, చినుకు పడితే చెప్పుల్ని లాగేసుకునే నల్లరేగడి ఊరు మాది.

ఇక్కడ చదువు ఒక ఎత్తు, బతుకు ఇంకో ఎత్తు. చెత్త పారేయడానికీ టైంటేబుల్ ఉంది. కాలే చెత్త ఒకరోజు, ప్లాస్టిక్ ఒకరోజు, సీసాలు ఇంకోరోజు. రోజు తప్పితే మన సంచి ఒక్కటే వీధిలో మిగిలిపోయి పరువు తీస్తుంది. స్టూడెంట్ వీసా మీద వారానికి 28 గంటలే పని చేయొచ్చు. నేను రాత్రిళ్లు ఒక చిన్న స్టోర్‌లో చేస్తా. వచ్చినవాళ్లందరికీ "ఇరస్షైమాసే" అని స్వాగతం చెప్పీ చెప్పీ, ఒకసారి నిద్రలో కూడా అన్నానని రూమ్మేట్ చెప్పాడు.

ఇంట్లో చెప్పని సంగతి ఒకటుంది. జపనీస్ భాష ఎన్-2 పరీక్ష రెండుసార్లు పోయింది. జనవరిలో ఫలితం వచ్చినప్పుడు నాయనకు "పాసైనా" అని అబద్ధం చెప్పినా. భయంతో జూలై పరీక్షకు అప్లై కూడా చేయలేదు.

ఆగస్టులో మా స్టోర్‌లో పనిచేసే పెద్దాయన "సెలవుంది కదా, రా" అని కోషియెన్ స్టేడియానికి తీసుకుపోయాడు. హన్షిన్ రైలెక్కితే ఒసాకా నుంచి ఎంతో దూరం లేదు. 1924లో కట్టిన స్టేడియం, బయటి గోడల నిండా తీగలు. ప్రొఫెషనల్ జట్టు హన్షిన్ టైగర్స్‌కు ఇదే సొంతిల్లు. కానీ ఆగస్టులో మాత్రం ఇది హైస్కూలు పిల్లలది.

ఓడితే ఇంటికే

బేస్‌బాల్‌ను జపాన్‌కు తెచ్చింది హొరేస్ విల్సన్ అనే అమెరికన్ టీచర్, 1872లో. తర్వాత వీళ్లు దానికి "యక్యూ" అని సొంత పేరు పెట్టుకున్నారు. "యా" అంటే బయలు, "క్యూ" అంటే బంతి. బయలు బంతి! మన చేలల్లో ఆడే ఆటకు పెట్టిన పేరులా లేదూ?

హైస్కూల్ టోర్నమెంటు 1915లో మొదలైంది. దేశమంతా మూడు వేలకు పైగా జట్లు పోటీపడితే, ఇక్కడిదాకా వచ్చేవి 49. ఒక్క మ్యాచ్ ఓడినా ఇంటికే. రెండో చాన్స్ లేదు.

సైరన్ మోగింది, ఆట మొదలైంది. క్రికెట్ అలవాటైన కళ్లకు మొదట వింతగా ఉంటుంది. బంతి నేలకు తగలకుండా నేరుగా మీదికొస్తుంది. మూడుసార్లు తప్పితే ఔట్. ముగ్గురు ఔటైతే అవతలివాళ్ల వంతు. ఎండకు తట్టుకోలేక సంచిలో పోసి అమ్మే ఐసుముక్కలు కొనుక్కున్నాం. స్కూల్ బ్యాండ్లు ఆగకుండా వాయిస్తున్నాయి. ఆ మోతకు నాకు దసరా రాత్రి దేవరగట్టు గుర్తొచ్చింది. అక్కడా అంతే, డప్పుల చప్పుడుకు ఒళ్లు దానంతటదే ఊగుతుంది. ఇక్కడ కర్రలు మాత్రం లేవు.

చివరి ఔట్ పడింది. గెలిచినవాళ్ల స్కూల్ పాట మోగుతుంటే, ఓడిన పిల్లలు వరుసగా నిలబడి విన్నారు. తర్వాత తమవాళ్లు కూర్చున్న స్టాండ్ ముందుకు పరుగెత్తి తలవంచి దండం పెట్టారు. ఆపైన మోకాళ్ల మీద కూర్చుని, ఏడుస్తూనే, మట్టిని చేతులతో సంచుల్లోకి ఎత్తుకోవడం మొదలుపెట్టారు.

నల్లమట్టి. దూరం నుంచి చూస్తే అచ్చం మా రేగడే.

"అది వేర్వేరు ఊళ్ల నల్లమట్టి, ఇసుక కలిపింది" అన్నాడు పెద్దాయన. తర్వాత ఒక కథ చెప్పాడు. 1958లో ఒకినావా నుంచి షురీ హైస్కూల్ జట్టు వచ్చి ఓడిపోయింది. వాళ్లూ మట్టి ఎత్తుకున్నారు. అప్పటికి ఒకినావా అమెరికా పాలనలో ఉంది. బయటి మట్టి లోపలికి రాకూడదన్న రూలుంది. ఓడరేవులోనే ఆ మట్టి అంతా పారేయించారు. ఈ సంగతి తెలిసి ఒక ఎయిర్‌హోస్టెస్ కోషియెన్ నుంచి చిన్న రాళ్లు ఏరించి ఆ పిల్లలకు పంపింది. మట్టికే కదా రూలు, రాళ్లకు లేదు!

నేను నవ్వినా. కానీ కళ్లు తడిశాయి. ఓడినచోటి మట్టిని దాచుకుంటున్నారు వీళ్లు. నేనేమో ఓడిన సంగతే దాచినా.

నాయనతో ఫోన్

ఆ రాత్రి ఫోన్ చేసినా.

"అన్నం తింటివా?" అన్నాడు నాయన.

"తింటి. నాయనా, ఆ పరీక్ష పాస్ కాలేదు. రెండుసార్లు పోయింది. నీకు అబద్ధం చెప్పినా."

కాసేపు మాట లేదు. ఫోన్‌లో ఎద్దు మెడగంట వినిపించింది.

"పోయినేడు పత్తి పోయింది," అన్నాడు. "అంతకుముందేడు గూడా పోయింది. ఈసారి యెయ్యలేదా మనం?"

"యేసినాం."

"మల్ల? పరీక్ష మల్లెప్పుడు?"

"డిసెంబర్లో."

"రాయి. అబద్ధం మాత్రం చెప్పొద్దు, డబ్బులు పోయినా తట్టుకుంటా గానీ దాన్ని తట్టుకోలేను."

డిసెంబర్ పరీక్షకు అప్లై చేసినా. పాసవుతానో లేదో తెలియదు. ఫలితం ఏదైనా ముందు నాయనకే చెప్తా. ఇప్పుడు ఎవరైనా మీదే ఊరని అడిగితే "ఆలూరు" అంటున్నా. తెలియదంటే, కోషియెన్ మట్టి లాంటి మట్టి ఉన్న ఊరని చెప్తున్నా. ఒసాకావాళ్లకు ఠక్కున అర్థమైపోతుంది.