గుమ్మం బయట గంటన్నర

నవలలు రాసేవాళ్ళకి ఎదుటివాళ్ళ మాటలు వినడం వెన్నతో పెట్టిన విద్య అని చాలామంది అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. బస్సులో పక్కసీటావిడ కోడలి మీద చెప్పిన చాడీల్లోంచి సగం అధ్యాయం లాగేసిన రోజులున్నాయి మరి! అలాంటిదాన్ని, నా ఇంట్లో మనిషి మాటే నాకు వినపడటం లేదని తెలియడానికి, నాకంటే పదిహేనేళ్ళు చిన్నపిల్ల ఒకర్తె నన్ను గది బయట కూర్చోబెట్టాల్సి వచ్చింది.

సంగతేమిటంటే, మా అత్తగారికి 76 ఏళ్ళు. ఏడాదిగా ఆవిడకి మాట తగ్గిపోయింది. పాలు పొయ్యి మీద పెట్టి మరిచిపోవడం, మాత్ర వేసుకున్నారో లేదో గుర్తుండకపోవడం, ఏమడిగినా "ఏమోనే, తెలీదు" అనడం. ఇంకేముంది, మతిమరుపు జబ్బేనని ఇంటిల్లిపాదీ తీర్మానించేశాం. మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన మాత్రం మాలాగా తొందరపడలేదు. థైరాయిడ్, బి12 చూడాలని రక్తపరీక్షలు రాశాడు. చెవులు కూడా చూపించమన్నాడు. సరిగ్గా వినపడనివాళ్ళు కూడా పైకి మతిమరుపు మనుషుల్లాగే కనిపిస్తారుట. ఆ తరవాత క్లినికల్ సైకాలజిస్టు దగ్గరికి పంపాడు. వీళ్ళు మందులివ్వరు. మనిషితో మాట్లాడి, కొన్ని పరీక్షలు పెట్టి, మనసు ఏ తీరున ఉందో అంచనా కడతారు.

ఆ అమ్మాయి చేతిలో కాగితాలు పక్కన పెట్టి, కుర్చీ కాస్త ముందుకి జరుపుకుని, "మామ్మగారూ, ఈమధ్య మీకెలా గడుస్తోందో చెప్పండి" అంది. అత్తగారు పమిటచెంగు సవరించుకున్నారు. ఆవిడ నోరు విప్పేలోపల నేనందుకున్నాను. "నిద్ర బొత్తిగా లేదండీ. అన్నం కూడా..." అంటూ.

ఆ అమ్మాయి నన్ను ఆపలేదు. అంతా విని, మళ్ళీ ఆవిడవైపే తిరిగి, "నిద్ర సంగతి కోడలుగారు చెప్పారు. మీరేమంటారు?" అంది. మళ్ళీ నేనే! మూడోసారికి నవ్వుతూనే, "మీరు చెప్పేవి కూడా నాకు కావాలండీ. మీతో విడిగా మాట్లాడతాను. కాసేపు బయట కూర్చోండి" అంది.

నాకు కోపం వచ్చిందని వేరే చెప్పాలా? ఆవిడ మాత్రలు ఏ వేళకి ఏవో తెలిసినదాన్ని నేను. తలుపు మూసేశారు. గుమ్మం బయట బెంచీ. అక్కడ గంటన్నర.

తరవాత కుతూహలం కొద్దీ ఈ విద్య గురించి కాస్త చదివాను. మాట అందుకునే గుణం నా ఒక్కదానిదే కాదని తెలిసి ప్రాణం కుదుటపడింది. 1984లో అమెరికాలో బెక్‌మన్, ఫ్రాంకెల్ అనే ఇద్దరు, డాక్టర్లకీ రోగులకీ మధ్య జరిగిన 74 సంభాషణలు రికార్డు చేసి పరిశీలించారు. రోగి తన బాధ మొదలుపెట్టాక డాక్టరు అడ్డుపడటానికి పట్టిన సమయం సగటున 18 సెకన్లు! చెప్పదలచుకున్నది మొదట్లోనే పూర్తిగా చెప్పుకోగలిగినవాళ్ళు నలుగురిలో ఒకరు కూడా లేరు. నేనైతే మూడు సెకన్లు కూడా ఇచ్చానో లేదో.

అంతకు చాలా ముందే కార్ల్ రోజర్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన దగ్గరికి వచ్చినవాళ్ళతో జరిపే సంభాషణలని గ్రామఫోను రికార్డుల మీదకి ఎక్కించాడు. ఒక మనిషితో జరిపిన ఎనిమిది సంభాషణలని మాట పొల్లు పోకుండా 1942లో పుస్తకంలో అచ్చువేశాడు. ఆ రికార్డులు పెట్టుకుని వింటే, తాము శ్రద్ధగా వింటున్నామనుకున్నచోట నిజానికి ఎంత నడిపించేస్తున్నారో సలహాదారులకే తెలిసొచ్చిందిట. మన వంటిళ్ళలో అలాంటి యంత్రం పెడితే ఎన్ని కాపురాల గుట్టు బయటపడుతుందో!

ఇక పరీక్షల సంగతి. 1975లో అమెరికాలో తయారైన 30 మార్కుల పరీక్ష ఒకటుంది. తేదీ, ఊరు, మూడు వస్తువుల పేర్లు గుర్తుపెట్టుకోవడం, నూరులోంచి ఏడేసి చొప్పున తీసేస్తూ రావడం, ఇలాంటివి. నూరులోంచి ఏడేసి తీసేయమంటే నాకే చెమటలు పడతాయి. బడి మొహం చూడని ముసలమ్మ తప్పు చెబితే ఆవిడకి మతి లేనట్టా, బడి లేనట్టా? అందుకే 1990లలో ఢిల్లీ దగ్గర బల్లభ్‌గఢ్ పల్లెల్లో చదువురాని పెద్దవాళ్ళకోసం దాన్ని హిందీలో మార్చి రాశారు. మా అత్తగారు ఐదో క్లాసు. ఆ అమ్మాయి ఆవిణ్ణి వారాల పేర్లు వెనకనించి చెప్పమందిట. మొదట మామూలే, "తెలీదమ్మా". ఆ అమ్మాయి "సరే" అనలేదు, తొందరపెట్టలేదు. ఊరుకుంది. కాసేపటికి అత్తగారు శనివారం దగ్గర మొదలెట్టి ఆదివారం దాకా ఒక్కటి తప్పకుండా చెప్పేశారుట.

ఆ "తెలీదు"లోనే ఉందిట కిటుకు. నిజంగా జ్ఞాపకం సడలుతున్నవాళ్ళు చాలాసార్లు ఏదో ఒక జవాబు చెప్పి సర్దుకోవాలని చూస్తారు. దిగులు పట్టినవాళ్ళు ప్రయత్నించకుండానే తెలీదు అనేస్తారు. ఇదొక్కటే చూసి తేల్చరు, రెండూ కలిసి ఉండేవాళ్ళూ ఉంటారు అని ఆ అమ్మాయి గట్టిగానే చెప్పింది. కాబట్టి మీ ఇంట్లో పెద్దవాళ్ళ మీద ప్రయోగించకండి.

నాకు గుండె ఝల్లుమన్న మాట మరొకటుంది. "బతుకు చాలు అనిపిస్తోందా మామ్మగారూ?" అని సూటిగా అడిగిందిట! నిద్రపడుతోందా అన్నంత మామూలుగా. "అలా అడిగితే లేనిపోని ఆలోచన పుట్టదూ?" అన్నాను. "పుట్టదండీ. ఉంటే బయటికొస్తుంది. అడిగేవాళ్ళు లేకే లోపల ఉండిపోతుంది" అంది. ఆవిడేం జవాబు చెప్పారో నాకు చెప్పలేదు. నన్ను లోపలికి పిలిచే ముందు కూడా "మీ కోడలికి ఏవి చెప్పమంటారు?" అని అత్తగారినే అడిగిందిట.

"నేనే చెబుతాను" అన్నారు అత్తగారు. ఏడాదిలో అంత స్పష్టంగా ఆవిడ మాట నేను వినలేదు. "మా చెల్లాయి పోయినప్పటినించీ" అని ఆగారు.

2021లో, కరోనా రెండోసారి విజృంభించినప్పుడు, ఆవిడ చెల్లెలు ఆస్పత్రిలో పోయింది. చివరిచూపు ఎవరికీ దక్కలేదు. ఈవిడకి గుండె బలహీనమని పదకొండు రోజులు చెప్పలేదు మేం. చెప్పాక కూడా, ఆవిడ ఎప్పుడు ఆ ఊసెత్తినా "ఊరుకోండత్తయ్యా, తలుచుకుంటే ఆరోగ్యం పాడవుతుంది" అని నేనే టీవీ పెట్టేదాన్ని. ఊరుకోమన్నాం, ఊరుకున్నారు. అదే ఏడు నేను రాసిన సీరియల్లో అక్కచెల్లెళ్ళ ఘట్టం చదివి కన్నీళ్ళు ఆగలేదని బోలెడన్ని ఉత్తరాలొచ్చాయి. అది చెప్పాలంటే సిగ్గుగా ఉంది.

ఇప్పుడు దిగులుకి చికిత్స జరుగుతోంది. జ్ఞాపకశక్తి ఆర్నెల్లాగి మళ్ళీ చూస్తామన్నారు.

మొన్న శుక్రవారం ఇద్దరం చిక్కుడుకాయలు ముందేసుకుని కూర్చున్నాం. ఉన్నట్టుండి అత్తగారు, "పదకొండు రోజులు దాచారే నా దగ్గర" అన్నారు.

'మీ మంచికే కదత్తయ్యా' అన్న మాట నాలిక చివరిదాకా వచ్చేసింది. చేతిలో కాయకి ఈనె తీశాను. ఇంకోటి తీసుకున్నాను. టీవీ రిమోటు నా పక్కనే ఉంది. మూడో కాయ కూడా అయింది.

"ఆ పదకొండు రోజులూ," అన్నారు అత్తగారు, "నేను దానికి రోజూ ఫోను చేస్తూనే ఉన్నానే."