అవ్వ మందారం

మా ఊరు హోసూరు పక్కన పల్లె. ఇంటి ముందర అవ్వ పెంచిన మందారం ఒకటి ఉండేది. పువ్వు చిన్నది, ఎరుపు. అయినా ఆ చెట్టును పువ్వు కోసం ఎవరూ చూసేవాళ్లు కాదు, ఆకే దాని అందం. పచ్చటి ఆకు మీద సున్నం చిలకరించినట్టు తెల్ల మచ్చలు, లేత ఆకుల్లో గులాబీ ఛాయ. ఏడాది పొడవునా ఆకులతో నిండుగా ఉండేది. పెళ్లైన కొత్తలో అవ్వ పుట్టింటి నుంచి కొమ్మ తెచ్చి నాటిందట.

పోయిన ఎండాకాలం అవ్వకు రెండు కళ్లకూ శుక్లం ఆపరేషన్ చేయించినారు. దుమ్ము తగలకూడదని కృష్ణగిరిలో అత్త ఇంట్లో రెండు నెలలు ఉంది. పోతూ పోతూ, "పాపా, చెట్లకు నీళ్లు మర్చిపోవద్దు" అని నాకు అప్పజెప్పింది.

మాకు బెండతోట ఉంది. బెండకు పల్లాకు తెగులు వస్తే ఆకు ఈనెలు పసుపుపచ్చగా మారి, చెట్టంతా పాలిపోతుంది. తెల్లదోమ దాన్ని పక్క చెట్లకు అంటిస్తుంది. అందుకే తెగులు కనబడగానే నాయన ఆ మొక్కను పీకి పారేస్తాడు. మందారమూ బెండా ఒకే కుటుంబమని క్లాసులో చదువుకున్నాను. అంతే, నా తెలివి పని చేసింది. మొదట్లో నుంచి ఒక కొమ్మ పచ్చగా, బలంగా లేచి ఉంది. అదొక్కటే ఆరోగ్యమైనదని వదిలి, మచ్చలున్న కొమ్మలన్నీ కత్తిరించేసినాను. చెట్టును కాపాడినానని సంతోషపడినాను కూడా.

అవ్వ వచ్చింది. ఆటో దిగి లోపలికి రాకుండా అక్కడే నిలబడింది.

"యాడ పాపా, నా మందారం?"

"ఇదే కదా అవ్వా, ఎంత బాగా పెరిగిందో చూడు."

"ఇది కాదు."

తిట్టలేదు. అరుగు మీద కూర్చుని, "కన్ను తెరిస్తే ముందు దాన్నే చూడాలనుకొంటి" అనింది. రెండేండ్లుగా ఆమెకు ఆ మచ్చలు సరిగ్గా కనిపించనే లేదని అప్పుడు తెలిసింది నాకు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

మర్నాడు వృక్షశాస్త్రం మేడమ్ దగ్గరికి పోయినాను. ఆమె చెప్పింది విన్నాక నేను చేసిన పని ఎంత తలకిందులో అర్థమైంది. ఆ తెల్లటి భాగంలో పత్రహరితం ఉండదు. అది రోగం కాదు, ఆ రకం పుట్టుకే అంత. పచ్చ భాగం వండితే తెల్ల భాగం తింటుంది. ఇట్లాంటి మొక్కలో అప్పుడప్పుడు పూర్తి పచ్చ కొమ్మ ఒకటి పుడుతుంది. దానికి పత్రహరితం ఎక్కువ కాబట్టి వేగంగా పెరిగి మిగతా కొమ్మలను అణిచేస్తుంది. కత్తిరించాల్సింది దాన్ని, అదీ పుట్టిన చోటికంటా. నేను సరిగ్గా దాన్నే వదిలి మిగతావి కొట్టేసినాను.

మరి తెగులును గుర్తుపట్టేది ఎట్లా? మేడమ్ చెప్పినవి రాసుకున్నాను. పుట్టు మచ్చలైతే చిగురు నుంచే ఉంటాయి, కొమ్మంతా అదే తీరు, ఆకు ఆకారం చెడదు. వైరస్ అయితే ఆకు తరచుగా ముడుచుకుంటుంది, గిడసబారుతుంది. లేత ఆకు పసుపై ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము లోపం కావచ్చు. ముదురు ఆకులు ముందుగా పసుపైతే నత్రజని చాలలేదేమో చూడాలి. తెల్లగా దూదిలా ఉండి, తుడిస్తే వచ్చేస్తే అది పిండినల్లి.

ఇంటికొచ్చి అవ్వకు ఇదంతా చెప్పినాను. "విత్తనం వేస్తే ఆ మచ్చలు వస్తాయన్న నమ్మకం లేదంట అవ్వా, కొమ్మే నాటాలంట" అన్నాను.

"అది నాకు తెలీదా? వీధిలో ఎన్ని ఇండ్లకు ఇచ్చినానో" అని లేచింది.

నాలుగిండ్ల అవతల తమిళావిడ పెరట్లో ఉంది మా మందారం, మచ్చలతో సహా! అవ్వ ఇచ్చి పదేండ్లయిందట. ఆమె నవ్వుతూ మూడు కొమ్మలు ఇచ్చింది. పెన్సిలంత లావు, జానెడు పొడుగు. కణుపు కింద కోసి, అడుగు ఆకులు తీసేసి, ఇసుకా ఎరువూ కలిపిన తొట్టిలో గుచ్చి నీడన పెట్టినాము. రెండు ఎండిపోయినాయి. ఒకటి నెల దాటినాక చిగురేసింది.

ఇప్పుడది పొద్దుటి ఎండ తగిలే చోట ఉంది. మరీ నీడైతే మచ్చలు మసకబారుతాయి, మిట్టమధ్యాహ్నపు ఎండకు తెల్ల భాగం మాడుతుంది. పక్కన క్రోటన్ తొట్టి కూడా పెట్టినాము. దానికీ వెలుతురు తగ్గితే రంగు తగ్గుతుంది. దాని పాలు చర్మానికి తగిలితే కొందరికి మంట, అందుకని కొమ్మ కోసినాక చేతులు కడుక్కోవాలి.

రోజూ పొద్దున అవ్వ ఒక్కో ఆకూ చూస్తుంది. పచ్చ చిగురు ఎక్కడైనా లేస్తే నాకంటే ముందు ఆమెకే కనబడుతుంది. "పాపా, కత్తెర తే" అని కేక వేస్తుంది. కత్తెర నేను తీసుకుపోతాను గానీ, ఏది కోయాలో వేలు పెట్టి ఆమే చూపిస్తుంది.

వచ్చే వానలకు మొక్క ఇంకొంచెం పెద్దదవుతుంది. మన డిపార్టుమెంటు మెట్ల పక్క ఖాళీ తొట్టి ఒకటి ఉంది కదా, దానికొక కొమ్మ ఇస్తానని అవ్వ ఒప్పుకుంది. మచ్చలు చూసి ఎవరూ కత్తిరించకండి.