చింతామణిని కాళ్ళకూరి దగ్గరికే తీసుకెళ్దాం

2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నిషేధించిన ‘చింతామణి’, కాళ్ళకూరి నారాయణరావు గారు రాసిన చింతామణేనా? వేశ్యాలోలత్వం కొంపలెలా కూలుస్తుందో చూపడానికి రాసిన పద్యనాటకం అది. జాతర పందిళ్లలో ఏళ్ల తరబడి బూతులు చేరి, వైశ్య పాత్ర సుబ్బిశెట్టి వెకిలితనం పెరిగి, వేశ్య చింతామణి మోజులో పడ్డ బిల్వమంగళుడి పశ్చాత్తాపం మూలన పడింది. పద్యం కోసం వచ్చినవాళ్లకు నిరాశే మిగిలింది. ఆర్యవైశ్యుల మనసు నొచ్చుకుంది, అది న్యాయమైన బాధే.

మూలంలోనూ సుబ్బిశెట్టి ఉన్నాడుగా అంటారు. ఉన్నాడు. కానీ అక్కడ మరో విటుడు భవానీశంకరం, బిల్వమంగళుడు కూడా అదే చింతామణి గుమ్మంలో చితికిపోతారు. దెబ్బ వ్యసనం మీద, కులం మీద కాదు. అయినా నొప్పిస్తుందంటే సుబ్బిశెట్టి పేరు మార్చండి, కథకు లోటేమీ రాదు. ‘వరవిక్రయం’తో కట్నం మీద, ‘మధుసేవ’తో తాగుడు మీద కలం ఎత్తిన మనిషిని ఎవరో అతికించిన బూతులతో కొలవడం నాకు బాధగా ఉంది.

అనుమతి దొరికి, చేర్పులన్నీ తీసేసి, హార్మోనియం మీద పద్యాలతో కాకినాడలోనో రాజమండ్రిలోనో ఆడితే మీరు వెళ్తారా? పాత ప్రదర్శనలు చూసినవాళ్లు చెప్పండి.