కొండ దిగడమూ ఒక విద్యే!

మనమంతా కొండ ఎక్కేటప్పుడే దేవుణ్ణి తలుచుకుంటాం. పైకి చేరగానే హమ్మయ్య అనుకుని, దిగేటప్పుడు కిటికీకి తల ఆనించి కునుకు తీస్తాం. అవునా, కాదా? నేనూ అంతే. అసలు జాగ్రత్త కావలసింది దిగేటప్పుడేనని నాకు నలభై ఆరో ఏట, కొలుక్కుమలైలో ఒక పాత జీపులో కూర్చున్నాక గాని తెలిసిరాలేదు.

ముందు మా కారు సంగతి చెప్పాలి. మాది తిరుపతి. 2022లో మావారు ఒక సెకండ్ హ్యాండ్ కారు కొన్నారు. వారం తిరక్కుండానే అందరం తిరుమల వెళ్ళి స్వామి దర్శనం చేసుకుని, పాత ఘాట్ రోడ్డులో దిగుతున్నాం. సగం దూరం వచ్చేసరికి ఏదో మాడిన వాసన. ఇంకో రెండు మలుపులు తిరిగేసరికి మావారి ముఖం పాలిపోయింది. "బ్రేకు మెత్తగా లోపలికి పోతోంది, బండి ఆగడం లేదే" అన్నారు. వెనక సీట్లో మా అత్తగారు, మా అమ్మాయి. నా గుండె నోట్లోకి వచ్చింది. హ్యాండ్ బ్రేకు కొద్దికొద్దిగా లాగుతూ, కొండవైపు మట్టిలోకి దింపి ఎలాగో ఆపారు. గంటసేపు అక్కడే కూర్చున్నాం. మా అత్తగారు ఒక్క మాట అనలేదు. కొంగుతో ముఖం తుడుచుకుంటూనే ఉన్నారు.

మర్నాడు మెకానిక్ అంతా విప్పి చూసి, "బ్రేకులు బాగానే ఉన్నాయమ్మా" అన్నాడు. మరి ఎందుకు పట్టలేదు? మావారు పాత బండి కదా అన్నారు. అత్తగారు దిష్టి అన్నారు. నేను మాత్రం ఇంకెప్పుడూ మా కారులో ఘాట్ రోడ్డెక్కనని ఒట్టు పెట్టుకున్నాను.

ఆ ఒట్టు రెండేళ్ళు కూడా నిలవలేదు. 2024 జనవరిలో మున్నార్ చూడాల్సిందేనని మా అమ్మాయి పట్టుబట్టింది. మదురై, తేని, బోడినాయకనూరు మీదుగా బోడిమెట్టు ఘాట్ ఎక్కి, సూర్యనెల్లి చేరుకున్నాం. ఎక్కుతున్నంతసేపూ నాకు ఒకటే ఆలోచన. ఎక్కింది మళ్ళీ దిగాలి కదా!

సూర్యనెల్లి కేరళలో ఉంది. అక్కడి నుంచే కొలుక్కుమలై వెళ్ళాలి. విచిత్రమేమిటంటే ఆ కొండ తమిళనాడులోని తేని జిల్లాది, బండి దారి మాత్రం కేరళ నుంచే. దాదాపు ఎనిమిది వేల అడుగుల ఎత్తులో తేయాకు తోటలున్నాయి. ప్రపంచంలో ఎత్తయిన తేయాకు తోటల్లో ఇదొకటని చెబుతారు. మామూలు కార్లు ఆ దారిలో పనికిరావు. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందే ఫోర్ వీల్ డ్రైవ్ జీపులే వెళ్ళాలి. ముందురోజే మాట్లాడుకుంటే తెల్లవారుజామున నాలుగింటికల్లా వచ్చి ఎక్కించుకుంటారు. స్వెట్టరు, చెవులకు మఫ్లరు మరిచిపోకండి. కడుపు నిండా తిని బయల్దేరకండి. ఎందుకో మొదటి పది నిమిషాల్లోనే మీకు తెలుస్తుంది!

దారి అనడమే గాని, అది బండరాళ్ళు పరిచిన వాగులా ఉంది. గంటకు పైగా చీకట్లో, జీపు గొడుగు పట్టిన మనిషిలా అటూ ఇటూ ఊగుతూ ఎక్కింది. పైకి చేరి చూద్దుం కదా, కాళ్ళ కింద తెల్లటి మబ్బుల సముద్రం! దాని అంచున ఎర్రగా సూర్యుడు. మా అమ్మాయి ఫోటోలు తీయడం కూడా మరిచిపోయింది. తర్వాత 1930ల నాటి టీ ఫ్యాక్టరీ చూశాం. ఆకును వాడబెట్టి, నలిపి, పులియబెట్టి, ఆరబెట్టి, జల్లించే పాత పద్ధతే ఇప్పటికీ ఉంది. అక్కడే వేడివేడి టీ తాగాం. నా గ్లాసు మాత్రం చేతిలో వణుకుతోంది, చలికి కాదు, దిగడం తలుచుకుని.

మా జీపు డ్రైవరు అరవై దాటిన పెద్దాయన. దిగడం మొదలయ్యేచోట ఆయన జీపును పూర్తిగా ఆపేశాడు. గేరు రాడ్డు పక్కనున్న ఇంకో చిన్న రాడ్డును కదిపాడు. తర్వాత మొదటి గేరు వేశాడు. క్లచ్ మీద నుంచి కాలు తీసేశాడు. యాక్సిలరేటరు మీదా కాలు లేదు. బ్రేకు మీదా లేదు! జీపు మాత్రం ముసలమ్మ మెట్లు దిగినట్టు ఒక్కొక్క రాయే చూసుకుంటూ, గుర్రుమంటూ దిగుతోంది.

నాకు ప్రాణం ఆగలేదు. తిరుపతి వాళ్ళకి తమిళం వచ్చు కదా, అడిగేశాను. "అయ్యా, బ్రేకు తొక్కకుండా ఎలా దిగుతోంది?"

ఆయన నవ్వి, "బ్రేకు ఆపడానికమ్మా. దించేది గేరు" అన్నాడు.

తర్వాత దారిపొడుగునా విడమర్చి చెప్పాడు. ఆ చిన్న రాడ్డు వేస్తే 'లో' గేర్లు పడతాయట. అదే మొదటి గేరులో బండి వేగం సగానికన్నా తగ్గిపోతుంది. పల్లంలో చక్రం ఒక్క చుట్టు తిరగాలంటే అది ఇంజనును ఎన్నో చుట్లు తిప్పాలి. ఇంజను అంత తేలిగ్గా తిరగదు, వెనక్కి పట్టి ఉంచుతుంది. ఆ పట్టు నాలుగు చక్రాలకూ అందుతుంది. మనం అలిపిరి మెట్లు దిగేటప్పుడు పెద్ద అంగలు వేయకుండా చిన్న చిన్న అడుగులు వేస్తామే, అలాగన్నమాట.

అదే బ్రేకు మీదే ఆధారపడితే? రెండు అరచేతులు గట్టిగా రుద్దితే వేడి పుడుతుంది కదా. బ్రేకుల్లోనూ జరిగేది అదే. అరగంటసేపు రుద్దుకుంటూనే ఉంటే అవి అట్లపెనంలా కాలిపోతాయి. పట్టు తగ్గిపోతుంది, మాడిన వాసన వస్తుంది. వేడి మరీ ఎక్కువైతే గొట్టాల్లోని బ్రేకు ఆయిల్ మరిగి బుడగలు పుడతాయి. అప్పుడు ఎంత తొక్కినా కాలు మెత్తగా లోపలికి పోతుంది. చల్లారాక చూస్తే అన్నీ బాగానే ఉన్నట్టుంటాయి!

నేను మావారి వైపు చూశాను. ఆయన కిటికీలోంచి తేయాకు తోటలు చూస్తున్నట్టు నటిస్తున్నారు. దిష్టీ కాదు, పాత బండీ కాదు. ఆ రోజు తిరుమల మీద నుంచి టాప్ గేరులో, కాలు బ్రేకు మీద నుంచి తీయకుండా దిగామన్నమాట.

ఒకచోట దారి మరీ నిటారుగా ఉండి, సన్నటి గులకరాళ్ళ మీద జీపు కొంచెం జారింది. నేను "అమ్మో" అని అరిచాను. పెద్దాయన బ్రేకును అదిమిపెట్టలేదు. ముందు చక్రాలను తిన్నగా పల్లం వైపే ఉంచి, బ్రేకును మెల్లగా ఒకసారి తాకి వదిలేశాడు. "చక్రం తిరుగుతుంటేనే స్టీరింగు మాట వింటుందమ్మా. బిగిస్తే బండి జారుడుబల్లే" అన్నాడు. వాలులో బండిని అడ్డంగా తిప్పితే పల్టీ కొట్టే ప్రమాదం ఉందని కూడా చెప్పాడు.

ఇక మర్నాడు మా తిరుగు ప్రయాణం. బోడిమెట్టు నుంచి బోడి దాకా అంతా దిగుడే. పైన మలుపులు మొదలుకాక ముందే "ఏమండీ, ఒక్క నిమిషం ఆపండి" అన్నాను. మామూలుగా అయితే విసుక్కునే మనిషి, ఆ రోజు నోరెత్తకుండా ఆపి, సెకండ్ గేరు వేశారు. మలుపుకు ముందు కాసేపు బ్రేకు, మళ్ళీ కాలు తీసేయడం. వెనక బండ్లవాళ్ళు హారను కొడితే చోటున్నచోట పక్కకు తీసి పోనిచ్చాం. కింద బోడిలో యాలకులు కొనడానికి ఆగినప్పుడు మావారు చక్రం దగ్గర అరచెయ్యి ఉంచి చూశారు. "కొంచెం వెచ్చగా ఉంది, అంతే" అన్నారు. వాసన కూడా లేదు. దారంతా బిగబట్టిన ఊపిరి అప్పుడు వదిలాను.

మీకూ పనికొస్తాయని ఆ పెద్దాయన చెప్పినవి, తర్వాత మా మెకానిక్‌ని అడిగి తెలుసుకున్నవి ఇక్కడ రాస్తున్నాను.

• వేగం సంగతి కొండపైనే తేల్చుకోవాలి. సగం వాలులో గేరు మార్చడానికి తంటాలు పడకూడదు. ఎక్కడానికి ఏ గేరు కావాల్సి వచ్చిందో, దిగడానికీ ఇంచుమించు అదే గేరు.

• రాళ్ళదారిలో ఫోర్ వీల్ డ్రైవ్ బండి అయితే 'ఫోర్ లో', మొదటి గేరు. బండి ఆపి ఉన్నప్పుడే వేసుకోవాలి.

• వాలులో క్లచ్ తొక్కి ఉంచకూడదు. న్యూట్రల్‌లో అసలే వద్దు. పెట్రోలు కలిసొస్తుందని ఇంజను ఆపేయడం మరీ ప్రమాదం.

• ఆటోమేటిక్ బండ్లలో కూడా తక్కువ గేరులో నిలిపే వీలు ఉంటుంది. కొత్త బండ్లు కొన్నింటిలో వాలులో వేగాన్ని దానంతట అదే పట్టి ఉంచే బటన్ ఉంది. మీ బండి పుస్తకంలో చూసుకోండి.

• మాడిన వాసన వస్తే, బ్రేకు మెత్తబడితే వెంటనే తక్కువ గేరులోకి దించి, చోటు చూసి ఆపండి. బాగా చల్లారాకే కదలండి. చక్రాల మీద నీళ్ళు కుమ్మరించకండి.

• బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుని త్వరగా మరిగే గుణం తెచ్చుకుంటుంది. రెండేళ్ళకోసారి మార్పించండి.

కారు నడిపేది మనం కాదు కదా, ఇవన్నీ మనకెందుకు అనుకోకండి. పక్క సీట్లో కూర్చునేది మనమే, వెనక సీట్లో ఉండేది మన పిల్లలే. మొన్న మళ్ళీ తిరుమల వెళ్ళి వచ్చాం. దిగేటప్పుడు మా అత్తగారు కళ్ళు మూసుకున్నారు. భయంతోనేమో అనుకున్నాను. చూస్తే హాయిగా నిద్రపోతున్నారు!