వాల్తేరును వోల్టేరును

మా తరగతిలో నొక బాలుడు చరిత్ర పరీక్షయందు, "వోల్టేరు అనునది విశాఖపట్టణమున మెరకమీద నున్న యొక పేట" అని వ్రాసెను. ఉపాధ్యాయులవారు సున్న చుట్టి, ప్రక్కను "అది వాల్తేరు" అని దిద్ది, నవ్వాపుకొనలేక ఆ కాగితమును మా కందఱకును జదివి వినిపించిరి. ఆ యుత్తరమునకు సగము మార్కైన నీయవలసినదని నాకు నేటికిని దోచుచున్నది. ఏలయన, ఆ పరాసు పండితుడు స్వేచ్ఛనుగూర్చియు, మతమునుగూర్చియు, మానవ స్వభావమునుగూర్చియు జెప్పినదానిని బరీక్షింపవలెనన్న, మన వాల్తేరు మెరకనుండి దిగి రేవువఱకు నడచిన జాలును.

మొదట నాతని సంగతి క్లుప్తముగా జెప్పెదను. 1694 వ సంవత్సరమున పారిస్ నగరమున బుట్టిన ఫ్రాన్స్వా మరీ అరువే యను నాతడు, రాజప్రతినిధిని వెక్కిరించుచు బద్యములు వ్రాసిన నేరమునకు 1717 లో బాస్టీలు కోటయందు జెఱబడి, పదునొకండు మాసములుండెను. చెఱసాల మనుష్యునకు బుద్ధి గఱపునని పెద్దలందురు. ఈతనికి బుద్ధి గఱపలేదు గాని క్రొత్తపేరు నిచ్చెను. వెలుపలికి వచ్చినది మొదలు వోల్టేరుగానే లోకమున వెలసెను. పిమ్మట 1726 లో నింగ్లాండునకు బోయి, అచ్చటి వర్తకశాలలో, ఎదుటివాడు నరకమునకే పోవునని నమ్మెడి పలు మతములవారు ఒకరి మాటపై నొకరు ధనము నప్పగించుట చూచి యబ్బురపడెను. ఆ సంగతులు వ్రాసిన గ్రంథమును 1734 లో పారిస్ న్యాయస్థానమువారు తగులబెట్టించిరి.

ఆతడు మన దేశమునకు రాలేదు. ఆతని దేశస్థులు మాత్రము వచ్చిరి. 1757 జనవరిలో బుస్సీ దొర బొబ్బిలి కోటపై ఫిరంగులు ప్రేల్చెను. ఆ జూన్ నెలలో విశాఖపట్టణమునందలి యాంగ్లేయుల కోఠీని వశపఱచుకొనెను. రెండేండ్లకు, 1759 లో, వోల్టేరు "కాందీద్" అను కథను బ్రకటించి, సర్వమును మన మేలుకొఱకే జరుగుచున్నదనెడి వేదాంతులను గేలిచేసెను. ఫ్రాన్సు మనకు బుస్సీని బంపి, వోల్టేరును దనయొద్ద నుంచుకొనెను. ఈ బేరమున నష్టపడినవారము మనమే.

ఆతడే మన రేవునకు వచ్చియున్నచో, లండను వర్తకశాలకంటె వింతయైన దృశ్య మాతనికి మనము చూపగలిగి యుందుము. 1933 అక్టోబరు 7 వ తేదీని జలదుర్గ యను నోడ ప్రవేశించిన ఈ రేవు ముఖద్వారమున మూడు కొండలు ఇరుగుపొరుగులవలె నున్నవి. ఒకదానిపై మేరీమాత దేవాలయము, ఒకదానిపై ఇషాక్ మదీనా వారి దర్గా, ఒకదానిపై వేంకటేశ్వరస్వామి కోవెల. నేడు అనకాపల్లి జిల్లాలోనిదైన మా పరవాడనుండి పట్టణమునకు వచ్చినప్పుడెల్ల, మా నాయనమ్మ మూడు కొండలును ఎక్కెడిది. మోకాళ్ల నొప్పి మాట చెప్పి, ఒక కొండతో సరిపెట్టుకొనరాదా యని మే మడిగితిమి. "ఏ దేముడి దగ్గర మన కాయితం ఉందో ఎవరికి తెలుసు బాబూ!" అని యామె బదులు చెప్పెడిది. కచేరీలచుట్టు దిరిగిన వారికి ఈ వేదాంతము సులభముగా బోధపడును. దీనిని సర్వమత సామరస్యమని సభలలో బొగడుదురు గాని, నా దృష్టికి నిందు జ్ఞానముకంటె జాగ్రత్తయే హెచ్చు. జాగ్రత్త యైన నేమి? కత్తికంటె మేలు.

వ్యాపారము మతమును మరపించుననుటకు మన పట్టణమున మఱియొక సాక్ష్యము కలదు. 1805 లో లండన్ మిషను బోధకులగు క్రాన్, డెస్ గ్రాంజెస్ అనువారు విశాఖపట్టణమున కాపురముండి, తెలుగు నేర్చి, ఆనందరాయరను నాయన సాయముతో సువార్తలను దెనిగింపబూనిరి. నాటి పాలకులు వారి మతమువారే. అయినను, ప్రజల మనస్సు నొచ్చినచో వర్తకమునకు హాని గలుగునని కంపెనీవారు బోధకులనుగూర్చి యనుమానపడుచునే యుండిరి. 1813 నాటి చట్టము వచ్చినదాక వారి దారి సుగమము గాలేదు. లెక్కల పుస్తకమునకును వేదపుస్తకమునకును తగవు వచ్చినప్పుడు దొరలు దేనిని ముందుగా విప్పిరో చదువరులే గ్రహింపగలరు.

వోల్టేరు ఒట్టి హాస్యగా డని తలపరాదు. తూలూజు పట్టణమున జాన్ కలాస్ అను ప్రొటెస్టెంటు వర్తకుడుండెను. ఆయన కుమారు డొకనాటి రాత్రి యింటిలో జచ్చిపడియుండెను. కొడుకు కాథలికు మతమున జేరబోవుచుండగా దండ్రియే చంపెనని జనులు కేకలువేసిరి. న్యాయాధిపతులు ఆ కేకలనే సాక్ష్యముగా గైకొనిరి. 1762 మార్చి 10 వ తేదీని ఆ వృద్ధుని చక్రమునకు గట్టి, యెముకలు విఱుగగొట్టి చంపిరి. కడవఱకు నాయన తాను నిర్దోషి ననియే చెప్పెను. అప్పటికి వోల్టేరునకు అఱువదియేడేండ్లు. ధనము కలదు, కీర్తి కలదు, ఆరోగ్యము లేదు. ఊరకుండిన నెవరును దప్పుపట్టరు. ఆతడు మూడేండ్లు ఊరకుండలేదు. మంత్రులకు వ్రాసెను, న్యాయవాదులను గుదిర్చెను, 1763 లో పరమత సహనముపై నొక గ్రంథమును బ్రకటించెను. 1765 లో కలాస్ నిర్దోషి యని రాజధానియందు దీర్పు వచ్చినది. చచ్చినవాడు రాలేదు గాని, ఆయన భార్యాబిడ్డలు వీథిలో దలయెత్తుకొని నడువగలిగిరి.

మన ప్రాంతమునను నవ్వుచు వాతపెట్టిన మహనీయుడు లేకపోలేదు. ఎలమంచిలి దగ్గఱ రాయవరమున జన్మించిన గురజాడ అప్పారావుగారి "కన్యాశుల్కము" 1892 లో మొదట ప్రదర్శింపబడి, 1897 లో నచ్చయ్యెను. అందలి గిరీశము విధవా వివాహమునుగూర్చియు సంఘ సంస్కరణమునుగూర్చియు నుపన్యసించు వాగ్ధాటి యే నాయకునకును దీసిపోదు; ఋణదాత కనబడినప్పుడు మాత్రము సందులు వెదకుకొనును. (స్వేచ్ఛనుగూర్చి ఇట్టి గ్రాంథికమున వ్రాయుచున్న నన్ను జూచినచో గిడుగు రామమూర్తి పంతులుగారు గిరీశముకంటె నన్నే యెక్కువ గేలిచేసియుందురు. కానిండు.)

మా తాతగారు గిరీశము గారు. పరమ నిజాయితీపరులు. కాని సభలలో మాటలాడుట కుతూహలము. ఎదుటివాని మాట తనకు నచ్చకున్నను, ఆ మాట పలుకు హక్కుకొఱకు బ్రాణమైన నిత్తునని వోల్టేరు చెప్పెనట గదా; ప్రతి యుపన్యాసమును తాతగారు దానితోనే ముగించెడివారు. నిజమునకు నా మాట వోల్టేరుది కాదు. ఆతని మనోభావ మిట్టిదని 1906 లో ఎవిలిన్ బియాట్రిస్ హాల్ అను నాంగ్ల రచయిత్రి తన మాటలలో వ్రాసినది. ఈ సంగతి నేను చెప్పగా, "ఎవరన్న నేమి, బాగున్నది కదా!" అని తాతగారు కొట్టివేసిరి.

2003 లో, మా యూరి చెంతనున్న సింహాద్రి విద్యుత్కేంద్రమున గొత్తగా జేరిన యువకు డొకడు అద్దెగదికై తిరుగుచు మా వాకిటికి వచ్చెను. బాయిలరు వేడిమియొద్ద నందఱును గలసి పనిచేయుదురు. అద్దెయింటి గుమ్మముకడ మాత్రము ప్రశ్న వేఱు. అప్పటికి నాలుగిండ్లవా రాతనిని ద్రిప్పి పంపిరి. మా నాయనమ్మయు వాడుక చొప్పున, "మీరేవుట్లు బాబూ?" అని యడిగెను.

"సింహాద్రి థర్మల్ వాళ్ళం, మామ్మగారూ," అని యాతడు వినయముగా బదులు పలికెను.

నాయనమ్మ ఒక్క నిమిషము చూచి, పకపక నవ్వి, తాళపుచెవి తెచ్చుటకు లోపలికి బోయెను. తాతగారు వెంటబోయి, ఊరిలో నలుగురును నేమందురో యని గొణిగిరి. ఆ తలుపు సందున నేను వినినది నాయనమ్మ కంఠమే. "కొండ దిగేటప్పుడు కాలు జారితే ఎవరో చెయ్యి పట్టుకున్నారు. ఆళ్ళనడిగేనా? ఈ బాబునెందుకూ అడగడం?"

ఆ యువకుడు మా యింట నాలుగేండ్లుండెను. తాతగా రాతనికి బులిజూదము నేర్పి, సాయంకాలములందు అరుగుపై గూర్చుండి యోడుచుండెడివారు. అతడు ఏవుట్లో మా నాయనమ్మకు గడవఱకు దెలియలేదు. తాతగారు మాత్రము మూడవనాడే ఆతని స్నేహితు నొకనిని టీదుకాణమున బట్టుకొని, అంతయు నడిగి తెలిసికొనిరట.